బొగ్గు ఊళ్లో స్క్విడ్ల తొట్టి

సర్వీసు ముచ్చట్లు చెప్పమంటే మా తోటివాళ్లంతా బొగ్గు గురించే చెబుతారు. నీళ్లు ముంచెత్తిన గని, కూలిన పైకప్పు, ఆగిపోయిన ఫ్యాను. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి. కానీ కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు "కాకా, నీ సర్వీసుల బాగ యాదికుండేది ఏంది?" అని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది స్క్విడ్. ఆ మాట అనగానే నవ్వుతారు. నవ్వండి, నేనూ మొదట్లో నవ్వినవాణ్నే. సముద్రం మాకు ఒక రాత్రి ప్రయాణం దూరం. అక్కడ వలలో పడ్డ ప్రాణిని తెచ్చి, బొగ్గు గనుల నడుమ, మా ఎండల్లో బతికించాలని ముగ్గురం పూనుకున్నాం. ఆ కథ బాగా ముగియలేదని ముందే చెప్పేస్తున్నాను.

స్క్విడ్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. జానెడు మెత్తని ఒళ్లు, తల దగ్గర చేతుల్లాంటి పది కాళ్లు, ఒంటికి మించిన పెద్ద కళ్లు. పొలుసు లేదు, గట్టి చర్మం లేదు. బెదిరితే నీళ్లను ఒక్కసారిగా చిమ్మి వెనక్కి దూసుకుపోతుంది, పోతూ పోతూ నల్లటి సిరా వదులుతుంది. సముద్రంలో ఆ రెండు పనులే దాన్ని కాపాడతాయి. తొట్టిలో ఆ రెండే దాన్ని చంపుతాయి. దూసుకుపోతే గోడ తగులుతుంది, సిరా వదిలితే ఆ నీళ్లలోనే దానికి ఊపిరాడదు.

నేను పంపు ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. మోకాళ్లు మొరాయించాక, చివరి కొన్నేళ్లు నన్ను కమాన్‌పూర్ వైపు, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని పక్కన ఉన్న పార్కులో వేశారు. గనిలోంచి తోడిన మట్టి దిబ్బను చదును చేసి, చెట్లు నాటి, పార్కు చేశారు. అందులో ఒక చిన్న చేపల ఇల్లు ఉండేది. నాలుగు అద్దాల తొట్లు, కొన్ని రంగు చేపలు, ఒక ముసలి కొర్రమట్ట. జీవితమంతా గనిలోంచి నీళ్లు బయటికి తోడినవాడిని తీసుకొచ్చి చేపల తొట్లలో నీళ్లు నింపమన్నారు. శిక్షో, విశ్రాంతో తేల్చుకోలేక నెల రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను.

పార్కు చూసే ఆఫీసరు కోస్తా ఆయన. చేపల రేవున్న ఊళ్లో పుట్టి, మైనింగ్ చదివి మా దగ్గరికి వచ్చాడు. ఇక్కడే జుట్టు నెరిసింది కానీ మాట మాత్రం మారలేదు. మంచి మనిషి. సముద్రం ఊసెత్తితే మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"చూడండి ఫోర్‌మన్ గారూ, రంగు చేపలు చూడ్డానికి ఇంత దూరం ఎవరొస్తారండీ? క్షౌరశాలలో కూడా ఉంటాయి అవి. మన పిల్లల్లో సగంమంది సముద్రం చూసుండరు. ఇక్కడే ఒక సముద్రపు గది కట్టిద్దాం" అన్నాడు ఒకరోజు.

ఆ గదికి పై ఆఫీసు ఒప్పుకోవాలి. ఒక కమిటీ వచ్చి చూస్తామంది. మంజూరైతే చేపల ఇల్లు పెద్దదవుతుంది, కాకపోతే దాన్ని నడిపే కాంట్రాక్టు ముగియగానే దాన్ని మూసేస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఈయన కమిటీకి మామూలు సముద్రపు చేపలు చూపించి ఊరుకోవచ్చు. కానీ స్క్విడ్‌ను చూపిస్తానని మాటిచ్చి వచ్చాడు.

"బతికేదేదన్న చూపిద్దాం సార్" అన్నాను నేను.

"మామూలు చేపలైతే ఎవరైనా పెంచుతారంటారండీ. స్క్విడ్ మహా సున్నితం. దాన్నే బతికించామంటే ఇంక ఎవరూ నోరెత్తరు."

చేపల ఇంట్లో కాంట్రాక్టు మీద ఒకామె పనిచేసేది. నన్ను కాకా అని పిలిచేది, నేను బిడ్డా అనేవాణ్ని. అంతకుముందు ఆమె రైల్వే సైడింగులో బొగ్గు ఊడ్చే పనిలో ఉండేది. వ్యాగన్లలో బొగ్గు నింపుతుంటే లేచే దుమ్ము మధ్యే రోజంతా పని. దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరు ఇక ఆ దుమ్ములోకి వెళ్లొద్దని గట్టిగా చెప్పాడు. భర్త లారీ మీంచి పడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. ఇల్లు గడవాలంటే ఆమె పని చెయ్యాల్సిందే, ఊపిరి నిలవాలంటే ఆ పని దుమ్ములో ఉండకూడదు. చేపల ఇంట్లో చేరాక దగ్గు తగ్గింది. అది మూతపడితే మళ్లీ సైడింగుకే పోవాలి. మొదటి రోజే నాతో అంది, "గివి బతికితె నేను బతికినట్టే కాకా." సముద్రపు గది గురించి ఆఫీసరు చెప్పిన మాటలన్నీ ఒక ఎత్తు, నాకు ఈ మాట ఒక ఎత్తు. ఆ రోజు నుంచి ముఖం ముడవడం మానేశాను.

మొదటి లోడు వచ్చిన రోజు వ్యాను తలుపు తీస్తే ముందు వాసన దిగింది. అన్నిటినీ ఒకే డ్రమ్ములో వేసి పంపారు. దారిలో ఎక్కడో ఒకటి బెదిరి సిరా వదిలింది, దాన్ని చూసి మిగతావన్నీ వదిలాయి. నీళ్లు చల్లగా ఉంచే చిల్లరు బిగించడానికి గోదావరిఖని నుంచి వచ్చిన మెకానిక్ భాయ్ డ్రమ్ములోకి తొంగి చూశాడు. "క్యా అన్నా, ఇక్కడ బొగ్గు తక్కువైందని సముద్రంల నుంచి గూడ తెప్పిస్తున్నరా?" అన్నాడు. ఆఫీసరు తప్ప అందరం నవ్వాం.

రెండోసారి ఒక్కోదాన్ని ఒక్కో సంచిలో పెట్టి, ఆక్సిజన్ కొట్టించి, చీకటి పెట్టెల్లో తెప్పించారు. ప్రాణాలతోనే దిగాయి. చదరంగా ఉన్న అద్దాల తొట్టిలో వదిలాం. వాటికి గోడ తెలియదు, మూల అసలే తెలియదు. పుట్టినప్పటి నుంచి గోడనేది చూడని ప్రాణికి ఎలా తెలుస్తుంది? తోకలు గుద్దుకుని గుద్దుకుని చర్మం లేచిపోయింది, పుండ్లు పడ్డాయి. ఆమె రోజూ పొద్దున ఒకటో రెండో తీసి బకెట్లో వేసి, తొట్టి కడిగేది.

మూడోసారి గుండ్రటి ఫైబరు తొట్టి చేయించాం. ఒక పక్క మాత్రం చూడటానికి అద్దం. నేను ఉత్సాహంగా పైపులకు మంచి ఇత్తడి వాల్వులు బిగించాను. గనిలో ఇత్తడి వాల్వు అంటే మాకు గొప్ప నమ్మకం, తుప్పు పట్టదు, మొండిది. స్క్విడ్లు మాత్రం ఒంట్లో సత్తువ పోయినట్టు అడుగుకు జారిపోయాయి. "రాగి, ఇత్తడి తగిలిన ఉప్పునీళ్లు వీటికి విషమండీ. మీకు ముందే చెప్పాల్సింది, తప్పు నాదే" అన్నాడు ఆఫీసరు. ఆయన తన మీద వేసుకున్నా బిగించింది నేనే. వాల్వులన్నీ ఊడదీసి ప్లాస్టిక్‌వి పెట్టాను.

నాలుగోసారి వచ్చినవి నిలబడ్డాయి. ఎలా నిలబడ్డాయంటే, అప్పటికి మేం వాటి ముందు కొంచెం తగ్గాం. గోడ కనబడాలని ఆఫీసరు అంటే, నా దగ్గరున్న నల్ల టేపు తీసుకుని ఆమె తొట్టి లోపలంతా అడ్డదిడ్డంగా గీతలు అంటించింది. గదిలో పెద్ద దీపం తీసేసి, చిన్న బల్బులకు ఎర్ర కాగితం చుట్టాం. తిండి బతికున్నదే కావాలి, చచ్చిన చేపను అవి ముట్టవు. దోమలు పెరగకుండా పార్కు గుంటల్లో వదిలిన చిన్న చేపలు ఉంటాయి కదా, ఆమె రోజూ పాత చీర ముక్కతో వాటిని పట్టుకొచ్చేది.

ఇక మిగిలింది బ్లాస్టింగు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో సైరన్ మోగి, బాంబు పేలి, నేల అదిరితే అవి తొట్టి చుట్టూ పిచ్చిగా తిరిగేవి. నేను స్టోర్సు వాళ్లను బతిమాలి బొగ్గు మోసే పాత రబ్బరు కన్వేయరు బెల్టు ముక్కలు తెచ్చి తొట్టి కింద పొరలు పొరలుగా పరిచాను. మా ఇళ్ల ముందు కాళ్లు తుడుచుకోవడం నుంచి దడికి అడ్డం కట్టడం దాకా ఆ బెల్టుతో చెయ్యని పని లేదు, స్క్విడ్ల పరుపుగా కూడా పనికొచ్చింది. మర్నాడు సైరన్ మోగాక ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. నేల అదిరింది. అవి కొంచెం రంగు మారాయి, అంతే. ఆఫీసరు నా భుజం మీద ఎంత గట్టిగా చరిచాడంటే రెండు రోజులు నొప్పి పుట్టింది.

ఆ తరువాతి రోజులు నా సర్వీసులో మంచి రోజులు. అవి ఆమెను గుర్తుపట్టేవి. నేను దగ్గరికి వెళ్తే ముదురు రంగుకు మారి అవతలి పక్కకు పోయేవి. ఆమె వెళ్తే తేటపడి, వరుస కట్టి, కళ్లు ఇటు తిప్పి నిలబడేవి. "నా దిక్కే చూస్తున్నయి సూడు కాకా" అనేది. "నిన్ను కాదు, నీ చేతిల చేపను" అనేవాణ్ని. మూతికి గుడ్డ లేకుండా పనిచేస్తూ, దగ్గు రాకుండా నవ్వే ఆమెను చూస్తే, ఈ కోస్తా ఆయన పిచ్చి మంచిదే అనిపించేది.

కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. ఎండ మండుతోంది. ఆఫీసరు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటుకూ గదికీ మధ్య తిరుగుతున్నాడు. పొద్దున ఆమె తన చేత్తో చేపలు వేస్తే అవి బాగా తిన్నాయి, నేను పక్కనే ఉండి చూశాను. తరువాత వచ్చేవాళ్లకు పూలగుత్తులు ఇవ్వాలని ఆమెను గేటు దగ్గరికి పిలిచారు. నేను వెనక పంపు గదిలో ఫిల్టరు కడుగుతున్నాను. తొట్టి దగ్గర ఎవరూ లేరు.

ఆ సమయంలో ఆమె తండ్రి వచ్చాడు. రిటైరైన మైనింగ్ సర్దార్. నేను కొత్తగా చేరినప్పుడు ఆయన కిందే భూగర్భంలో తిరిగాను, అన్నా అని పిలుస్తాను. మీలో ఓపెన్‌కాస్టులోనే పనిచేసినవాళ్లకు సర్దార్ పని తెలియకపోవచ్చు. మేం పనిలోకి దిగే ముందు ఆయన పైకప్పు బండకు ఒక అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో కర్ర పట్టి తడతాడు. గట్టి శబ్దం వస్తే పనిలోకి పొమ్మంటాడు. డొల్లగా మోగితే, మేనేజరు వచ్చి అరిచినా ఒక్కణ్నీ లోపలికి పోనివ్వడు. ఆయన తడుతున్నప్పుడు అందరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోవాలి. దగ్గు కూడా దగ్గకూడదు, ఆయనకు బండ మాట వినబడాలి. ఆయన పనిచేసిన చోట కప్పు కూలి మనిషి పోయాడన్న మాట నేను వినలేదు.

కూతురు ఇంట్లో రోజూ చెబుతుంటే, ఆమె బతుకు ఆధారపడిన ఆ ప్రాణులను ఒకసారి చూద్దామని వచ్చాడట. గార్డు ఎరిగినవాడు కాబట్టి లోపలికి వదిలాడు. గది చీకటి, ఎర్ర దీపాలు. ఆయనకు అలవాటైన చీకటే కదా. తొట్టి అద్దం చుట్టూ, ఫైబరు అతుకు పొడుగునా నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. అది కారడం కాదు. లోపల చిల్లరు నీళ్లు చల్లగా, బయట మా ఎండాకాలపు గాలి వేడిగా ఉండి పట్టిన చెమట అది. ఆయనకు ఆ సంగతి తెలియదు. గనిలో ఎప్పుడూ లేని చోట తేమ కనిపిస్తే దానికి ఒకటే అర్థం, వెనక నుంచి నీళ్లు తోసుకొస్తున్నాయని. పెద్దవాళ్లు వచ్చే వేళకు ఆ అతుకు విడిపోతే బిడ్డ పని పోతుందని భయపడ్డాడు.

గాజు మీద తట్టవద్దని బోర్డు ఉంది. ఆయన చదివాడు, గాజు ముట్టుకోలేదు. అతుకు పక్కన ఫైబరు గోడకు అరచెయ్యి ఆనించి చేతికర్రతో తట్టాడు.

ఆ శబ్దం పంపు గదిలో నాకు వినబడింది. పిల్లలూ, ఇది మీరు నమ్మినా నమ్మకపోయినా సరే. ఆ శబ్దం వినగానే నేను కదలకుండా నిలబడిపోయాను. ఎన్నో ఏళ్లు ఆ చప్పుడుకు ఆగిన కాళ్లు అవి. రెండోసారి తట్టాడు, మూడోసారి తట్టాడు, అంతదాకా నీళ్ల పైపు చేతిలో పట్టుకుని ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డాను. ఇది గని కాదని అప్పుడు తెలివొచ్చి పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి నీళ్లు నల్లబడ్డాయి. లోపలి నుంచి అవి గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు మెత్తగా వినబడుతోంది. ఒకటి ఎగిరి బయట నేల మీద పడింది. నా కేకకు ఆమె పూలగుత్తి అక్కడే పారేసి వచ్చి, భుజాల దాకా చేతులు తొట్టిలో పెట్టి ఒక్కొక్కదాన్నీ వెతికి తీసి మంచినీళ్ల బకెట్లో వేసింది. మంచినీళ్లంటే విడిగా ఉంచిన ఉప్పునీళ్లు, అంత తొందరలోనూ ఆమె బకెట్ విషయంలో పొరబడలేదు. నేను వాల్వులన్నీ తిప్పి నల్లనీళ్లు వదిలేశాను. ఒక్కటీ బతకలేదు. చివరిది ఆమె మణికట్టును చుట్టుకుని కాసేపు పట్టుకుంది. తరువాత దాని రంగంతా పోయి తెల్లబడింది.

సర్దార్ అన్న చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. "ఏమైంది బిడ్డా? కారుతున్నదనుకున్న. ఒక్కసారి కొట్టి చూసిన అంతే" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా నేనెన్నడూ వినలేదు.

ఆమె తండ్రి వైపు చూసింది. ఒళ్లంతా సిరా.

"నువ్వేం చెయ్యలె బాపూ. పొద్దుగాల నుంచే సుస్తుగున్నయి, తిండి గూడ ముట్టలె. వాటి ఆయుష్షు గంతనే" అంది. తరువాత నా వైపు తిరిగి, "గంతే గదా కాకా?" అంది.

"గంతే" అన్నాను.

కమిటీ వచ్చింది. ఆఫీసరు ఏదీ దాచకుండా, పొద్దున దాకా బతికే ఉన్నాయని, ఎందుకు పోయాయో ఇంకా తెలియదని చెప్పాడు. మేమిద్దరం పక్కనే ఉండి కూడా సర్దార్ అన్న తట్టిన సంగతి చెప్పలేదు. వాళ్లూ ఎవరినీ ఏమీ అనలేదు. వాళ్లలో ఒక పెద్దాయన మాత్రం బకెట్లోకి చూసి, "సముద్రంలో వాటి మానాన అవి ఉండేవి కదా, ఇప్పటికి ఎన్ని తెచ్చారు?" అని అడిగాడు. ఆయన కోపంగా అడగలేదు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆఫీసరుకు సముద్రం కావాలి, ఆమెకు దుమ్ము లేని పని కావాలి, నాకు నా పంపుల పనితనం చూపించుకోవాలి. ఏ కోరికా చెడ్డది కాదు. కానీ ఇన్ని లోడ్ల మధ్య, ఆ వ్యాను తలుపు తీసిన ప్రతిసారీ, వాటిని తేవడం అవసరమా అని మేం ఒకరినొకరం అడగలేదు.

సముద్రపు గది మంజూరు కాలేదు. కాంట్రాక్టు ముగిశాక చేపల ఇల్లు మూశారు. ఆఫీసరు వేరే ఏరియాకు బదిలీ అయ్యాడు. పోయే రోజు నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి జీపెక్కాడు. ఆమెకు పార్కు మొక్కల నర్సరీలో పని ఇప్పించాలని నేను కాంట్రాక్టరు చుట్టూ చాలా తిరిగాను. ఖాళీ లేదన్నాడు. నిజంగానే లేదు. ఆమె మళ్లీ మూతికి గుడ్డ కట్టుకుని సైడింగుకు పోయింది. ఆ తరువాత కొన్నాళ్లకు నేను రిటైరయ్యాను. సన్మానం నాడు నా గురించి మంచి మాటలు చాలా చెప్పారు, స్క్విడ్ల మాట ఎవరూ ఎత్తలేదు. నేను సంతోషించాను.

మొన్నీమధ్య సాయంత్రం సెంటినరీ కాలనీ బస్టాపులో సర్దార్ అన్న కనబడ్డాడు. సైడింగు నుంచి షిఫ్టు బస్సు వచ్చే వేళకు రోజూ అక్కడికి వచ్చి కూర్చుంటాడని టీ కొట్టు వాళ్లు చెప్పారు. పక్కన కూర్చున్నాను. ఆరోగ్యం అడిగాను, పెన్షన్ అడిగాను, మోకాళ్ల గురించి ఇద్దరం కాసేపు చెప్పుకున్నాం. తరువాత ఆయన రోడ్డు వైపే చూస్తూ అడిగాడు.

"తమ్మీ, ఒక మాట నిజం చెప్పు. నేను కొట్టినందుకేనా?"

నేను ఆలోచించలేదు. "కాదన్నా. అవి ఎట్లన్న పోయేటియే. పొద్దుగాల నుంచే సుస్తుగుండె" అన్నాను.

ఆయన చేతికర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు.

"బండ ఎట్లున్నదని నన్ను అడిగినోళ్లకు, వాళ్ల దిల్‌ఖుష్ చేసేటందుకు నేను ఎన్నడన్న అబద్ధం చెప్పిన్నా?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. నేను తలొంచుకున్నాను.

"మా బిడ్డ గూడ గిదే చెప్తది. ఎప్పుడడిగినా గిదే ముచ్చట. నేను నమ్మిననే అనుకుంటున్నది. గట్లనే అనుకోనీ. దానికి నువ్వేం చెప్పకు."

బస్సు వచ్చి ఆగింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగారు, కళ్లు తప్ప అందరి ముఖాలూ నల్లగానే ఉన్నాయి. ఆమె దిగి, మూతి గుడ్డ తీసి, బస్సు రేకుకు చెయ్యి ఆనించి దగ్గుతోంది. దగ్గు ఆగేదాకా ఆయన కొంచెం దూరంలోనే నిలబడ్డాడు. ఆగాక దగ్గరికి పోయి, ఆమె చేతిలోని టిఫిను సంచి అందుకున్నాడు.